పొలంలో సర్వే రాయి పడితే రైలు మార్గం ఖాయమైనట్టేనా?

మీ ప్రశ్నలో మూడు సంగతులు ఉన్నాయి. పులివెందుల, కదిరి మధ్య మీ ఊరి పొలాల్లో కొందరు పరికరాలతో తిరిగి, రంగు పూసిన రాళ్ళు పాతి వెళ్ళారు. ఆ రాళ్ళ మీదుగా రైలు పోవడం ఖాయమేనా, మార్గాన్ని ఊరికి అంత ఎడంగా ఎందుకు తిప్పారు, ఇప్పుడు మీరు చేయవలసింది ఏమైనా ఉందా అని అడిగారు. నేను ఉమ్మడి కడప, అనంతపురం జిల్లాల్లో చాలా ఏళ్ళు రైల్వే సర్వే బృందాలతో కలిసి పనిచేశాను. రాయి పడినంత మాత్రాన భూమి పోదు, మార్గం మంజూరైనట్టూ కాదు. అయితే ఊరివాళ్ళ మాటకు మార్గాన్ని కొంతైనా మార్చగల బలం ఉండేది సరిగ్గా ఈ దశలోనే. అందువల్ల ఈ సంగతిని కొంచెం వివరంగా రాస్తున్నాను.

రైల్వే ఇంజినీరింగు కోడు ప్రకారం సర్వేలో మూడు మెట్లు ఉంటాయి. మొదటిది రికనైసెన్స్ సర్వే. 1:50,000 కొలతలో ఉండే సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (నేల ఎత్తుపల్లాలు, వాగులు చూపే పటాలు) ముందు పెట్టుకుని, ఆ ప్రాంతమంతా తిరిగి, ఏయే వైపుల నుంచి మార్గం సాధ్యమో తేల్చేది ఇందులోనే. రెండవదైన ప్రిలిమినరీ సర్వేలో ఆ దారులను పరికరాలతో కొలిచి, ఖర్చు అంచనా కట్టి, ఒకదాన్ని ఎంచుకుంటారు. మూడవది ఫైనల్ లొకేషన్ సర్వే. ఎంచుకున్న దారి మధ్యరేఖను నేల మీద గుర్తించి, వెంబడే లెవెల్స్ (నేల ఎత్తుల కొలతలు) తీసి, వంతెనలు, స్టేషన్లు, మట్టి పని, కావలసిన భూమి, అన్నింటికీ కచ్చితమైన లెక్క వేస్తారు. ఇప్పుడు డ్రోన్లు, లేజరు కిరణాలతో నేలను కొలిచే లైడార్, ఉపగ్రహ చిత్రాలు వచ్చినందువల్ల మొదటి మెట్ల పని చాలావరకు కార్యాలయంలోనే జరిగిపోతోంది. మీ చేలలో రాళ్ళు ఒకే వరుసలో పోతూ వాటి మీద దూరాన్ని తెలిపే అంకెలు ఉంటే, అది మూడవ మెట్టు కావడానికే అవకాశం ఎక్కువ. గుట్ట పక్కనో, గుడి దగ్గరో ఒక్క సిమెంటు దిమ్మ మాత్రమే ఉంటే అది కొలతలకు ఆధారంగా పెట్టుకున్న బెంచి మార్కు. దాని మీదుగా రైలు పోతుందని భయపడవలసిన పని లేదు.

అసలు మార్గం వేయాలా వద్దా అనే నిర్ణయానికి ఆధారం ట్రాఫిక్ సర్వే. ఆ పని చేసేవాళ్ళు పొలాల్లోకి రారు కాబట్టి ఊళ్ళకు వాళ్ళ సంగతి తెలియదు. వాళ్ళు రోడ్ల కూడళ్ళలో నిలబడి ఏ లారీలో ఏ సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో రాసుకుంటారు. మార్కెట్ యార్డులకు వచ్చే సరుకు లెక్కలు తీసుకుంటారు. కర్మాగారాలు ఏటా ఎంత సరుకు తెప్పిస్తున్నాయో, ఎంత పంపుతున్నాయో, ముందు ముందు ఎంత పంపగలవో విచారిస్తారు. మన వైపు ఈ లెక్కలో బరువైన పద్దులు ఎర్రగుంట్ల చుట్టూ ఉన్న సిమెంటు కర్మాగారాలు, రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రానికి వచ్చే బొగ్గు, మంగంపేట ముగ్గురాయి. పండ్ల తోటలు కూడా ఈ పద్దులో చేరదగినవేనని ఈ మధ్య రుజువైంది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవుకు అరటిపండ్ల రైలు వెళ్ళింది. అదే ఏడాది సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు బయలుదేరింది. మీ ప్రాంతం నుంచి చీనీ, మామిడి, వేరుశనగ ఏ మార్కెట్టుకు ఏ నెలలో ఎన్ని లారీలు పోతున్నాయో రైతు సంఘాలు లెక్క రాసి ఇస్తే, ఆ సర్వే చేసేవాళ్ళు దాన్ని పక్కన పెట్టరు. అటువంటి నమ్మదగిన లెక్క వాళ్ళకు బయట దొరకడం కష్టం.

ఈ అంకెలన్నీ చివరికి రాబడి శాతంగా మారతాయి. పెట్టిన పెట్టుబడి మీద సుమారు 30 ఏళ్ళలో ఏటా ఎంత శాతం తిరిగి వస్తుందో చూస్తారు. చాలా కాలం 14 శాతం దాటితేనే ఆ మార్గం లాభసాటి అనేవారు. తరువాతి కాలంలో ఆ గీటును తగ్గించారు. మన మెట్ట ప్రాంతాల మార్గాలు ఈ గీటును అందుకోవడం అరుదు. ఈ పద్ధతి మనకు న్యాయం చేయదని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే రైలు లేనిచోట పుట్టని సరుకును ఏ కూడలిలో నిలబడి లెక్కపెట్టగలరు? రాబడి చాలకపోయినా వెనుకబడిన ప్రాంతం అవసరాన్ని చూసి మార్గాన్ని మంజూరు చేయవచ్చు. అటువంటప్పుడు రాష్ట్ర ప్రభుత్వం సగం ఖర్చు భరించాలనో, భూమి ఇవ్వాలనో ఒప్పందం కుదురుతుంది. ఆపైన ప్రతి ఏటా బడ్జెట్టులో ఎంత కేటాయిస్తారన్నదాని మీదే పని వేగం ఆధారపడుతుంది. నంద్యాల–ఎర్రగుంట్ల మార్గం పొడవు 123 కిలోమీటర్లు. 1996–97లో మంజూరైన ఆ మార్గం మీద నంద్యాల నుంచి కడపకు రైలు బయలుదేరింది 2016 ఆగస్టులో. 2008–09లో మంజూరైన కడప–బెంగళూరు మార్గంలో కడప నుంచి పెండ్లిమర్రి దాకా 21 కిలోమీటర్లు పూర్తయ్యాక, రాష్ట్ర ప్రభుత్వం ముద్దనూరు, పులివెందుల, ముదిగుబ్బల మీదుగా మరో దారిని ప్రతిపాదించింది. మంజూరైన మార్గాలకే ఇంత కాలం పడుతున్నప్పుడు, సర్వే రాయిని చూసి భూమిని తక్కువ ధరకు అమ్ముకోవడం గానీ, ఎక్కువ ధరకు కొనడం గానీ తెలివైన పని కాదు.

ఊరిని వదిలి మార్గాన్ని ఎందుకు తిప్పారన్న మీ రెండవ ప్రశ్నకు జవాబు నేల వాలులో ఉంది. సరుకుల రైలు మనం అనుకున్నంత ఎత్తును ఎక్కలేదు. వందకు ఒకటి వాలు అంటే కిలోమీటరు దూరంలో 10 మీటర్ల ఎత్తు. చూపుకు అది వాలులా కూడా కనిపించదు, కాని 4,000 టన్నుల రైలును ఆ వాలు మీద పైకి లాగడానికి, మామూలు రాపిడికి కావలసిన బలం గాక, 40 టన్నుల లాగుడు అదనంగా కావాలి. అందువల్ల ప్రతి మార్గానికీ ఇంతకు మించి వాలు ఉండరాదని ఒక హద్దును ముందే పెట్టుకుంటారు. దాన్నే రూలింగ్ గ్రేడియంట్ అంటారు. 100 మీటర్ల ఎత్తున ఉన్న చోటికి వందకు ఒకటి వాలుతో చేరాలంటే కనీసం 10 కిలోమీటర్ల దారి కావాలి. బస్సు మూడు కిలోమీటర్ల ఘాట్ రోడ్డులో ఎక్కిపోయే ఎత్తు అది. పులివెందుల వైపు నుంచి కదిరి వైపు పోతున్నకొద్దీ నేల లేస్తూ పోతుంది, మధ్యలో గుట్టలు ఉన్నాయి. ఆ ఎత్తును నిదానంగా అందుకోవడానికి మార్గం గుట్టల అంచులు పట్టుకుని చుట్టూ తిరుగుతుంది. ఆ తిరుగుడులో మీ ఊరు పక్కకు పడి ఉండవచ్చు.

వంపుల దగ్గర మరో ఇబ్బంది ఉంది. వంపులో చక్రాలు పట్టాను ఒరుసుకోవడం వల్ల లాగుడు ఇంకా బరువెక్కుతుంది కనుక, వంపు ఉన్నచోట వాలును ఆ మేరకు తగ్గించాలి. బ్రాడ్‌గేజి మీద డిగ్రీ వంపుకు 0.04 శాతం తగ్గించడం నియమం. వ్యాసార్ధం 875 మీటర్లు ఉన్న వంపును 2 డిగ్రీల వంపు అంటారు. అక్కడ 1 శాతం వాలు హద్దు అయితే 0.92 శాతానికి మించి పోకూడదు. వంపు పెంచితే ఎత్తు అందదు, తగ్గిస్తే గుట్టను తొలచాలి. ఓబులవారిపల్లె–కృష్ణపట్నం మార్గంలో వెలికొండలను సుమారు 6.6 కిలోమీటర్ల సొరంగంతో దాటించడానికి కారణం ఇదే. ఓడరేవు సరుకు ఆ ఖర్చును మోయగలిగింది కాబట్టి 2019లో ఆ మార్గం పూర్తయింది. అంత సరుకు లేని మార్గానికి అంత సొరంగాన్ని ఎవరూ ఒప్పుకోరు.

దారిని కట్టిపడేసేవి ఇంకా ఉన్నాయి. తప్పనిసరిగా తగలవలసిన పట్టణం, నదిని దాటడానికి అనువైన ఇరుకైన చోటు, కొండల మధ్య కనుమ, ఇప్పటికే ఉన్న మార్గంతో కలిసే జంక్షన్, వీటిని ముందు పటం మీద గుర్తిస్తారు. స్టేషనుకైతే వంపు లేకుండా, దాదాపు చదునుగా ఉన్న నేల ముప్పాతిక కిలోమీటరుకు పైగా కావాలి. యార్డులో వాలు 400కు ఒకటికి మించకూడదు, 1,200కు ఒకటి ఉంటే మంచిది. స్టేషన్లు చాలా చోట్ల ఊరికి దూరంగా పడడానికి ఇది ముఖ్యమైన కారణం.

ఇప్పుడు నీళ్ళ సంగతి. నా అనుభవంలో ఊరివాళ్ళ మాట అన్నిటికంటే విలువైనది ఇక్కడే. మన వంకలు ఏడాదిలో చాలా నెలలు ఇసుక తప్ప ఏమీ లేకుండా ఉంటాయి. టోపోషీటులో సన్నని గీతలా కనిపించే వంక, ఒక్క రాత్రి కురిసిన వానకు మనిషి ఎత్తున పారుతుంది. 1902 సెప్టెంబరులో ముద్దనూరు దగ్గరి మంగపట్నం వద్ద వరదకు వంతెన కొట్టుకుపోయి, ఆ రాత్రి వచ్చిన మద్రాసు మెయిలు నీళ్ళలో పడింది. 2021 నవంబరులో అన్నమయ్య జలాశయం కట్ట తెగి చెయ్యేరు విరుచుకుపడినప్పుడు నందలూరు, రాజంపేటల మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. వంతెనలను మామూలుగా 50 ఏళ్ళకొకసారి రాగల వరదకు, మరీ ముఖ్యమైనవాటిని 100 ఏళ్ళ వరదకు లెక్కగట్టి కడతారు. అయితే వాన లెక్కలు పొడుగునా దొరకని చిన్న వంకల దగ్గర ఆ లెక్కకు అసలైన ఆధారం ఊళ్ళోని పెద్దల జ్ఞాపకమే. చిత్రావతిలో కలిసే ఒక వంక దగ్గర మేము లెవెల్ తీస్తుండగా, గొర్రెలు మేపుకుంటున్న ఒక పెద్దాయన వచ్చి, "ఆ యేడు నీళ్ళు ఈ బండ మిందికి వచ్చినాయి నాయనా" అని ఒక బండ చూపించారు. మేము రాసుకున్న వరద మట్టం కంటే ఆ బండ చాలా పైన ఉంది. ఊళ్ళో మరికొందరిని వేరువేరుగా అడిగి చూస్తే అందరూ ఆ బండనే చూపించారు. అక్కడ పైపు కల్వర్టుకు బదులు ఎక్కువ ఖానాలున్న వంతెన పెట్టాలని నివేదికలో రాశాము.

చెరువుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అనంతపురం వైపు ఒక చెరువు నిండి మరవ మీదుగా పొర్లిన నీళ్ళు కింది చెరువుకు చేరే గొలుసుకట్టు చెరువులు చాలా ఉన్నాయి. వాటి మధ్య రైలు కట్ట అడ్డంగా వచ్చి తూములు చాలినన్ని లేకపోతే, పై చెరువు కింద పొలాలు మునుగుతాయి, కింది చెరువు ఎండుతుంది. మీ చెరువుకు నీళ్ళు ఏయే వైపుల నుంచి వస్తాయో, పటంలో లేని చిన్న వాగులు ఎక్కడున్నాయో సర్వే వాళ్ళకు చూపించగలిగేది మీరే.

నేల గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. జమ్మలమడుగు, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీస్తుంది. దాని మీద నేరుగా కట్ట పోస్తే పట్టాల మట్టం నిలవదు. బోర్లు వేసి మట్టిని పరీక్షించి, కంకరకు కింద మంచి మట్టితో బ్లాంకెట్ పొర వేయాలని అంచనాలో చేరుస్తారు. మీ వైపు ఎర్రనేల, రాతి బండ కాబట్టి ఉబ్బు ఇబ్బంది తక్కువ, బండను పేల్చే ఖర్చు ఎక్కువ. పొలంలో బోరు మిషన్ కనిపించినా నీళ్ళకోసం కాదు, ఈ పరీక్షకోసమే.

దారుల విషయంలో ఊళ్ళు తరచుగా ఆలస్యంగా మేలుకుంటాయి. సమావేశాల్లో అందరూ స్టేషను అడుగుతారు, పొలానికి పోయే దారి ఎవరికీ గుర్తు రాదు. కొత్త మార్గాల్లో లెవెల్ క్రాసింగ్ గేట్లు పెట్టరాదన్నది ఇప్పటి రైల్వే విధానం. కాబట్టి ప్రతి దారీ పైన వంతెన మీదుగానో, కింద అండర్‌పాసు గుండానో పోవాలి. ప్రతి బండిబాటకూ ఒకటి కట్టరు, రెండు మూడు బాటలను కలిపి ఒకచోటికి మళ్ళిస్తారు. ఆ ఒక్కచోటు ఎక్కడన్నది మీ ఊరి రోజువారీ బతుకును నిర్ణయిస్తుంది. ఒక ఊరిలో అండర్‌పాసు ఎత్తు చాలక, వేరుశనగ కట్టె నింపిన ట్రాక్టర్లు చుట్టూ తిరిగి పోవలసి రావడం నేను చూశాను. మరో చోట అండర్‌పాసు నేల మట్టం కంటే లోతుకు పోయినందువల్ల, వానాకాలంలో నీళ్ళు నిలిచి పిల్లలు బడికి పోవడానికి ఇబ్బంది పడ్డారు. అండర్‌పాసు ఎత్తు ఎంత, దాని అడుగు మట్టం పక్క వంక కంటే పైనా కిందా, నీళ్ళు ఎటు పోతాయి అని నక్షా దశలోనే అడగండి. కట్ట పోసిన తరువాత వీటిని మార్చడం చాలా కష్టం.

రైలు మార్గాలకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన కింద ముందస్తు అనుమతి అవసరం లేదు గానీ, అటవీ భూమి ఉంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద రెండు దశల అనుమతి తీసుకోవాలి. అభయారణ్యం తగిలితే వన్యప్రాణి మండలి దాకా వెళ్ళాలి. హంద్రీ-నీవా వంటి కాలువలను దాటడానికి జలవనరుల శాఖతో, హైటెన్షన్ లైన్లకు విద్యుత్ సంస్థతో, రోడ్లకు ఆయా శాఖలతో ఒప్పందాలు చేసుకోవాలి. 2021 అక్టోబరులో వచ్చిన పీఎం గతిశక్తి వేదిక మీద ఈ పొరలన్నీ ఒకే పటంలో కనిపిస్తున్నందువల్ల, ఏ దారిలో ఎన్ని అడ్డంకులు ఉన్నాయో ముందే తెలుస్తోంది. వివరమైన ప్రాజెక్టు నివేదిక రైల్వే బోర్డుకు చేరి, ఖర్చును బట్టి నీతి ఆయోగ్, కేంద్ర మంత్రివర్గ సంఘం దాకా వెళ్ళి ఆమోదం పొందిన తరువాతే అది మంజూరైన మార్గం అవుతుంది.

భూసేకరణ ఆ తరువాత వస్తుంది. ఎంత వెడల్పు పోతుందన్నది కట్ట ఎత్తును బట్టి ఉంటుంది. కట్ట పైభాగం సుమారు 8 మీటర్లు అనుకుని, పక్కలు ఒకటికి రెండు వాలులో దిగుతాయని లెక్కిస్తే, 5 మీటర్ల ఎత్తు కట్టకు అడుగున 28 మీటర్లు, 10 మీటర్ల ఎత్తుకు 48 మీటర్లు కావాలి. పక్క కాలువలు, రెండవ లైనుకు ముందుగా తీసుకునే స్థలం దీనికి అదనం. మార్గాన్ని ప్రత్యేక రైల్వే ప్రాజెక్టుగా ప్రకటిస్తే, 2008లో సవరించిన రైల్వే చట్టం ప్రకారం 20-ఎ సెక్షను కింద గెజిట్ ప్రకటన వస్తుంది. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేస్తారు, అందులో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక. ప్రకటన వచ్చిన నాటి నుంచి 30 రోజుల్లో అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. వాటిని విని నిర్ణయించాక 20-ఇ ప్రకటన వెలువడుతుంది, ఆ రోజుతో భూమి కేంద్ర ప్రభుత్వానికి చెందుతుంది. 20-ఎ వచ్చిన ఏడాదిలోగా 20-ఇ రాకపోతే మొదటి ప్రకటన చెల్లదు. పరిహారం మాత్రం 2013 భూసేకరణ చట్టం లెక్కల ప్రకారమే ఇస్తారు. అందులో మార్కెట్ విలువకు తోడు నూరు శాతం సొలేషియం (ఊరటగా ఇచ్చే అదనపు సొమ్ము) ఉంటుంది. మొత్తం చాలదనిపిస్తే మధ్యవర్తి ముందుకు వెళ్ళే హక్కు ఉంది.

ఈ దశలో పట్టాదారులు ఎక్కువగా నష్టపోయేది కాగితాల దగ్గర. భూమి ఇంకా తాత పేరు మీదే ఉండడం, అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని సబ్‌డివిజన్ చేయించుకోకపోవడం, అడంగల్లో ఒకరి పేరు, పాసుపుస్తకంలో మరొకరి పేరు ఉండడం వల్ల పరిహారం ఏళ్ళ తరబడి కోర్టు ఖాతాలో ఉండిపోయిన కుటుంబాలను నేను చూశాను. ఇప్పుడే వాటిని సరిచేసుకోండి. రెవెన్యూ, రైల్వే వాళ్ళు కలిసి జాయింట్ సర్వేకు వచ్చిన రోజు తప్పకుండా పొలంలో ఉండండి. చీనీ చెట్లు ఎన్ని, వాటి వయసు ఎంత, బోరు లోతు, భూమి లోపలి పైపులైను, డ్రిప్పు, పశువుల కొట్టం, అన్నీ ఆ రోజు రాతలో పడాలి. మీది డీకేటీ పట్టా (ప్రభుత్వం పంచి ఇచ్చిన భూమి) అయితే ఆ సంగతి, సాగులో ఉన్నది మీరేనన్న సంగతి కూడా రికార్డు చేయించండి. కట్టకు అవతల పావు ఎకరం ముక్క మిగిలిపోయి, దానికి దారీ నీళ్ళూ లేకుండా పోతే, దాన్ని కూడా తీసుకోమని అక్కడే రాసి ఇవ్వండి.

మీ మూడవ ప్రశ్నకు జవాబుగా ఇప్పుడు చేయవలసింది ఇది. గ్రామసభలో తీర్మానం చేసి, రైల్వే నిర్మాణ విభాగపు డిప్యూటీ చీఫ్ ఇంజినీరుకు ఒక లేఖ, దాని ప్రతులు ఆర్డీవోకు, తహశీల్దారుకు పంపండి. "మార్గాన్ని మార్చండి" అని మాత్రమే రాస్తే దానికి విలువ ఉండదు. వంక ఏ సర్వే నెంబరులో ఎంత ఎత్తున పారింది, ఏ ఏడు, ఏ గుర్తు దాకా వచ్చింది, చెరువుకు నీళ్ళు ఏ దారిన వస్తాయి, బడికి, శ్మశానానికి, పొలాలకు పోయే దారులు ఏవి, వాటిలో పోయే బండ్ల ఎత్తు ఎంత అని, గ్రామ పటం మీద గుర్తులు పెట్టి మరీ రాయండి. సర్వే బృందం మళ్ళీ వచ్చినప్పుడు వాళ్ళను ఆ చోట్లకు తీసుకుపోయి చూపించండి. లేఖ అందినట్టు ప్రతి కార్యాలయం నుంచీ రసీదు తీసుకుని దాచండి. 20-ఎ ప్రకటన వచ్చిన నాడు మీరు పెట్టే అభ్యంతరానికి ఆ రసీదే మొదటి ఆధారం అవుతుంది.